కుళాయి వేళ మీ చేతిలో, దినచర్య ఆమె మెడకా?

అండమాన్ నికోబార్ దీవుల పాలనాధికారులకు, శ్రీ విజయపురం పురపాలక సంఘ సభ్యులకు, ఈ దీవుల్లో కాపురముంటున్న ఒక తెలుగు పౌరురాలు రాస్తున్న బహిరంగ లేఖ.



పిల్లల తల్లి ఎవరైనా రోజు చాలడం లేదని మొర పెట్టుకుంటే ఆమెకు దొరికే జవాబు ఒక్కటే: టైమ్ మేనేజ్‌మెంట్ నేర్చుకోవాలమ్మా అని. మార్చి 8, మహిళా దినోత్సవం వచ్చిందంటే వేదిక ఏదైనా ప్రసంగం ఇదే. లక్ష్యాలు కాగితం మీద రాసుకోండి, పొద్దున్నే అయిదింటికి లేవండి, రేపటి పనుల జాబితా ఈ రాత్రే వేసుకోండి, మీ కోసం రోజుకో అరగంట దాచుకోండి. స్వయం సహాయక సంఘాల శిక్షణలో ఇదే మాట, బళ్లో తల్లిదండ్రుల సమావేశంలోనూ ఇదే మాట. మాట మంచిదే, చెప్పేవాళ్ల మనసూ మంచిదే కావచ్చు. అయినా అది మీ నోట వచ్చినప్పుడు నేను ఒప్పుకోలేను. పక్కింటావిడ చెబితే అది సలహా. పంపు వదిలే వేళ, పడవ కదిలే వేళ, బడి గంట కొట్టే వేళ, ఆసుపత్రిలో చీటీల కిటికీ తెరిచే వేళ, రేషన్ దుకాణం మూసే వేళ నిర్ణయించే చేతులే ఆ మాట చెబితే అది సలహా కాదు, తప్పించుకోవడం. రోజులో సగం గంటలకు తాళాలు మీ దగ్గర పెట్టుకుని, మిగిలిన సగంతో బతుకు దిద్దుకోమని ఆమెకు చెబుతున్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది.

ఆడవాళ్లకు దినచర్య బోధించడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. కందుకూరి వీరేశలింగం 1883లోనే స్త్రీల కోసం ‘సతీహిత బోధిని’ అనే పత్రిక పెట్టారు. అక్కణ్నుంచి నేటి ఫోను రీళ్ల దాకా బోధించే గొంతులు మారాయి గానీ వినేవాళ్లు మారలేదు. అయితే ఆ కాలపు బోధకులకు నీళ్ల మీద, ఓడల మీద అధికారం లేదు. మీకుంది. ఆంధ్రలోనో తెలంగాణలోనో ఒక ఇల్లాలు నీళ్లెందుకు రాలేదని అడగాలంటే ఎమ్మెల్యే ఉంటాడు, అసెంబ్లీ ఉంటుంది, పనికొచ్చినా రాకున్నా ఒక ప్రతిపక్షం ఉంటుంది. ఈ దీవులకు శాసనసభే లేదు. లోక్‌సభకు ఒక్క ఎంపీ. మిగతాదంతా పాలనా యంత్రాంగం, పట్నంలో 24 వార్డుల పురపాలక సంఘం, పల్లెల్లో పంచాయతీలు. నీళ్లూ మీవే, కరెంటూ మీదే, దీవికీ దీవికీ మధ్య తిరిగే ఓడలూ మీవే, బళ్లు చాలావరకు మీవే. ఒక ఇంటి రోజులో ఇన్ని గంటలు ఒకే ప్రభుత్వపు చేతిలో ఉన్న చోట్లు దేశంలో ఎన్నున్నాయి? అధికారం ఇంత దగ్గరగా ఉంటే బాధ్యత మాత్రం ఎక్కడో ఆమె వంటింటి గోడ మీద అతికించిన టైమ్‌టేబుల్‌లో ఎలా ఉంటుంది?

నీళ్లతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఇక్కడ తల్లి రోజు నీళ్లతోనే మొదలవుతుంది. 1973లో కట్టిన ధనీఖారి ఆనకట్టే ఇవాళ్టికీ పట్నానికి పెద్ద దిక్కు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాన మొహం చాటేస్తే కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, ఎండ ముదిరితే మూడో రోజుకు గానీ రాదు. ఎంతసేపు వస్తుందన్నది ఒక బాధ, ఎప్పుడు వస్తుందన్నది ఇంకో బాధ. మొదటిదాని గురించి మీరూ మాట్లాడతారు, పత్రికలూ రాస్తాయి. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. జంగ్లీఘాట్‌లోనో డెలానిపూర్‌లోనో ఒక చిన్న అద్దె ఇల్లు తీసుకోండి. సంపు లేదు, పైన సింటెక్స్ లేదు. గుమ్మం పక్కన నీలం డ్రమ్ములు రెండు, స్టీలు బిందెలు మూడు, మూతల్లేని బకెట్లు, కుళాయి మూతికి తాడుతో బిగించిన పచ్చ పైపు. ముందు నీళ్లు రావు, గాలి వస్తుంది. బుస్సుమని ఆ కూత వినబడగానే చేతిలో పని ఎక్కడిదక్కడ పడేయాలి. పెనం మీద అట్టు ఉంటే పొయ్యి కట్టేయాలి, పిల్లకు జడ సగం అల్లి ఉంటే ఆ సగానికే రబ్బరు బ్యాండు వేసి లేవాలి. మొదటి బకెట్ తుప్పు రంగులో వస్తే అది దొడ్లోకి. తేరుకున్న నీళ్లు బిందెలకు, మూతికి గుడ్డ కట్టి. డ్రమ్ము నిండేలోగా విడిచిన బట్టలు జాడించేసుకుంటే నిలవ నీళ్లు మిగులు. ధార సన్నబడే లోపు పక్క వాటాలో ముసలావిడ బకెట్ కూడా నింపాలి, లేకపోతే సాయంత్రం మొహం చూడలేం. ఇదంతా ఆ కాస్త వ్యవధిలో అయిపోవాలి. అయిపోతుంది కూడా. దీన్ని మించిన టైమ్ మేనేజ్‌మెంట్ ఏ శిక్షకుడు నేర్పుతాడు? ఆమెకు లేనిది నేర్పు కాదు, కబురు. ఆ కూత ఎప్పుడు వినబడుతుందో చెప్పే కబురు.

కబురు లేకపోతే నష్టం ఎంతో లెక్క కట్టి చూడండి. నీళ్లు పట్టడానికి పట్టేది కొద్దిసేపే. నీళ్ల కోసం కట్టుబడేది పూటంతా. ఆ పూట ఆమె కుట్టు మిషను మీద కూచోవచ్చు, కానీ చెవి కుళాయి మీదే ఉంటుంది. బజారుకు పోలేదు, టీకాకు పిల్లాణ్ని తీసుకెళ్లలేదు, పోటీ పరీక్ష పుస్తకం తెరిచినా పేజీ కదలదు. లక్ష్యం పెట్టుకోవడమంటే ఏమిటి? ఫలానా రోజు ఫలానా వేళ నాది అని ముందుగా చెప్పగలగడం. తన గంట తనది అవునో కాదో పొద్దున్న కుళాయి కూసేదాకా తెలియని మనిషిని లక్ష్యాలు రాసుకోమనడం ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది.

వాన కురవకపోతే మేమేం చేస్తామని మీరు అంటారు. న్యాయమైన మాటే. ఈ దీవుల్లో ఏటా దాదాపు 3 వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది, హైదరాబాదులో పడేదానికి మూడింతల పైమాట. అంత వాన నాలుగు నెలల ఎండకు ఎందుకు ఆగడం లేదన్నది ఇంజనీర్ల లెక్క, ఇక్కడ దాని జోలికి పోను. నేను అడిగేది వేరు. కరువు వేరు, కబురు లేకపోవడం వేరు. నీళ్లు తక్కువున్నప్పుడే వేళ ఇంకా గట్టిగా పాటించాలి. చెప్పిన వేళకు వచ్చే రెండు బిందెలు, ఎప్పుడొస్తాయో తెలియని నాలుగు బిందెల కంటే ఆ ఇంటికి ఎక్కువ మేలు. పైగా ఏ వీధికి ఏ పూట నీళ్లు వదలాలో ముందు తెలియకుండా వాల్వు తిప్పడం ఎవరివల్లా కాదు. ఎవరో ఒకరి దగ్గర ఆ వరస రాసే ఉంటుంది. వాల్వు తిప్పే చేతికి తెలిసిన సంగతి బిందె పట్టే చేతికి ఎందుకు తెలియకూడదు? దానికి ఏ ఆనకట్ట ఎత్తు పెంచాలి? ఏ కేంద్ర నిధులు రావాలి? పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇచ్చేశామని 2021లోనే దేశంలో ముందు వరసలో నిలిచారు. గర్వించదగ్గ పనే, కాదనను. కుళాయి ఇచ్చారు. వేళ ఇవ్వడం మిగిలిపోయింది.

ఇక అయిదింటికి లేవాలన్న సలహా సంగతి. అది రాసినవాళ్లెవరూ 92 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద కాపురం చేసినవాళ్లు కారు. దేశమంతటి గడియారాన్ని 82.5 డిగ్రీల రేఖకు కట్టారు. దానికి దాదాపు పది డిగ్రీలు తూర్పున ఉన్న మన దగ్గర సూర్యుడు ఆ గడియారానికి దాదాపు 40 నిమిషాలు ముందు నడుస్తాడు. జూన్‌లో అయిదు కొట్టేసరికే తెల్లారి ఉంటుంది, అప్పటికి మన ఇళ్లలో తల్లులు లేచి పొయ్యి వెలిగించి ఉంటారు. నవంబరులో సాయంత్రం అయిదు కాకముందే పొద్దు గూకుతుంది, హైదరాబాదు వీధుల్లో ఇంకా ముప్పావుగంట ఎండ ఉండగానే. ఈశాన్య రాష్ట్రాలకూ ఈ దీవులకూ కలిపి ఒక గంట ముందుండే రెండో కాలమానం పెట్టాలని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2018లో ప్రతిపాదించారు. కేంద్రం ఒప్పుకోలేదు. దాని కారణాలు దానికున్నాయి, అది మీ చేతిలోనిదీ కాదు. కానీ ఆఫీసు కౌంటరు ఎన్నింటికి తెరవాలి, బడి ఎన్నింటికి వదలాలి, చివరి బస్సు ఎన్నింటికి పోవాలి అన్నవి మీ చేతిలోనివే కదా? చీకటి ముందే కమ్ముకునే ఊళ్లో ట్యూషన్ నుంచి ఆడపిల్లను తీసుకురావడం, వెలుగు లేని మలుపు దగ్గర నిలబడి బస్సు దిగే పిల్లాడి కోసం చూడడం ఎవరి పని అవుతుందో మీకు తెలియనిది కాదు. పగటి వెలుగును లెక్కలోకి తీసుకుని కార్యాలయాల వేళలు, బడి వేళలు ఒక్కసారైనా పక్కపక్కన పెట్టి చూశారా? తల్లికి సెలవు దొరికే పూటే కిటికీ మూసి ఉంటే ఆమె ఒక్క సర్టిఫికెట్ కోసం ఎన్ని రోజుల కూలి వదులుకోవాలి?

పడవ సంగతి ఇంతకంటే తేలిక. బంబూఫ్లాట్‌లో ఉండి పట్నంలో పనిచేసే తల్లికి చాథం ఫెర్రీయే దారి. రోడ్డున రావాలంటే ఫెరార్‌గంజ్ మీదుగా చుట్టూ తిరగాలి. రద్దీ వేళ ఒక ట్రిప్పు తప్పితే బడి దగ్గర పిల్ల నిలబడి ఉంటుంది, పని దగ్గర మాట పడుతుంది. ట్రిప్పు రద్దయిందని అరగంట ముందు ఫోనుకొక సందేశం వస్తే ఆమె పక్కింటివాళ్లకు చెప్పుకుని ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటుంది. అంతకు మించి అడగడం లేదు.

ఏర్పాటు అన్నాను గనక ఒక మాట. మీరు పంచే సలహాలన్నిటి వెనకా ఒక అమ్మమ్మ ఉంటుంది, పేరు మాత్రం ఎవరూ చెప్పరు. తల్లి పొద్దున నడకకు వెళ్లినప్పుడు పిల్లాణ్ని చూసేది ఆవిడ. రాత్రి పుస్తకం పట్టుకున్నప్పుడు అన్నం కలిపి పెట్టేది ఆవిడ. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మందికి, అంటే దాదాపు 50 వేల మందికి తెలుగే మాతృభాష. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి చేపల వేటకో, కూలికో, ఉద్యోగానికో వచ్చి నిలబడ్డవాళ్లు. 1969 నుంచి గ్రేట్ నికోబార్‌లో స్థలాలిచ్చి స్థిరపరచిన మాజీ సైనికుల్లోనూ మనవాళ్లున్నారు. వీళ్ల పిల్లల అమ్మమ్మ విశాఖ రేవుకు అవతల ఉంది, మధ్యలో దాదాపు 12 వందల కిలోమీటర్ల సముద్రం, ఓడ మీద రెండు రోజుల పైన ప్రయాణం. పిల్లాడికి జ్వరమొస్తే ఆవిడ రాలేదు. వేటకెళ్లిన తండ్రి ఒడ్డున ఉండడు, కార్ నికోబార్‌కో హట్‌బేకో బదిలీ అయిన తండ్రి సెలవు దొరికితే గానీ రాడు. రెండు చేతుల మీద నాలుగు చేతుల పని పడుతోంది. వలస వచ్చినవాళ్ల తిప్పలు వాళ్లవి అని మీరు అనలేరు, ఎందుకంటే ఈ దీవుల జనాభాలో అత్యధికులు ఏదో ఒక తరంలో బయటి నుంచి వచ్చినవాళ్లే. అమ్మమ్మ లేని ఊరికి అమ్మమ్మ పని ఎవరు చేయాలి? ప్రభుత్వం కాకపోతే ఇంకెవరు?

ఆ పని చేయడానికి చట్టాలూ పథకాలూ ఉన్నాయి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 50 మంది, అంతకు పైన ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలంది, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూసుకోవచ్చంది. 2022లో మొదలైన మిషన్ శక్తిలో ‘పాల్నా’ ఉంది: ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు, అంగన్‌వాడీలోనే. వీటిలో ఎన్ని మన పట్నంలోని పెద్ద హోటళ్లలో, దుకాణాల్లో, నిర్మాణ స్థలాల దగ్గర నడుస్తున్నాయో వార్డువారీగా ఒక జాబితా వేసి అంగన్‌వాడీ గోడ మీద అంటించండి. అది చదివి ఏ తల్లి లక్ష్యాలు ఆ తల్లి రాసుకుంటుంది. ప్రభుత్వ ఉద్యోగినులకు 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఇస్తున్నాం కదా అని మీలో కొందరు అంటారు. ఇస్తున్నారు, అది మంచి నిబంధన, దానికోసం పోరాడినవాళ్లకు దండం. కానీ అది పర్మినెంటు ఉద్యోగినికి మాత్రమే. మార్కెట్‌లో చేపల బుట్ట ముందు కూచున్నామెకు, అబర్దీన్ బజారులో బట్టల కొట్లో నిలబడే అమ్మాయికి, కాంట్రాక్టు మీద ఆసుపత్రి వార్డు ఊడ్చే ఆమెకు ఆ 730 లో ఒక్క రోజూ లేదు. మరి ప్రసంగం మాత్రం వాళ్లకే ఎందుకు?

ఇది ఇంటి సంగతి, మొగుడూ పెళ్లాం తేల్చుకోవలసింది, ప్రభుత్వం వంటింట్లోకి రాలేదు అన్నది మీ దగ్గరున్న ఇంకో జవాబు. ఇందులో సగం నిజం ఉంది గనక దీన్ని తీసి పారేయను. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో కూలి లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్లు 88 నిమిషాలని తేలింది. అది కూడా ఆ పని చేసేవాళ్ల లెక్క. చేసేవాళ్లు ఆడవాళ్లలో నూటికి 81 మందికి పైన, మగవాళ్లలో 27 మంది. 2019 సర్వేలో ఇవే అంకెలు 299, 97. అయిదేళ్లలో ఆమెకు పది నిమిషాలు తగ్గాయి, తగ్గిన పది నిమిషాలు ఆయన ఎత్తుకోలేదు సరికదా, ఆయనకూ తొమ్మిది తగ్గాయి. మగవాళ్లు మారాలి, నిశ్చయంగా. కానీ ప్రభుత్వం వంటింట్లోకి రాలేదన్న మాట ఒట్టిది. బడి నుంచి ఫోను వస్తే ఎవరికి వస్తుంది? టీకా కార్డు పట్టుకుని రమ్మని ఎవరికి చెబుతారు? డెంగీ రోజుల్లో నిలవ నీళ్ల డ్రమ్ము మూతలు ఎత్తి చూసి ఎవరిని మందలిస్తారు? మీ ఫారాలు, మీ సమావేశాలు, మీ ప్రచార బొమ్మలు అన్నీ తల్లినే పిలుస్తాయి. ఇంటి పని ఆడవాళ్లదని మీరు చట్టంలో రాయలేదు గానీ నోటీసుల్లో రోజూ రాస్తున్నారు. ‘తల్లి గానీ తండ్రి గానీ’ అని ఒక్క మాట మార్చి, తండ్రి రాగలిగే వేళకు ఆ సమావేశం పెట్టి చూడండి, ఎంతమంది వస్తారో.

ఆ సర్వే గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2024లో 1,39,487 ఇళ్లకు వెళ్లి, ఆరేళ్లు నిండిన ప్రతి మనిషి రోజునూ అరగంటల లెక్కన రాసుకున్నారు. ఎవరు ఎంతసేపు నిద్రపోయారు, ఎంతసేపు వండారు, ఎంతసేపు పిల్లల్ని చూసుకున్నారు అన్నీ. దేశమంతా తిరిగారు, ఒక్క మినహాయింపుతో. ఆ మినహాయింపు ఏమిటో సర్వే పరిధి చెప్పే పేరాలోనే ఉంది: అండమాన్ నికోబార్ దీవుల్లో చేరుకోవడం కష్టమైన గ్రామాలు. జాతీయ నమూనా సర్వేల్లో ఈ వాక్యం ఏళ్ల తరబడి వస్తోంది, చదివేవాళ్ల కళ్లు దాని మీద ఆగవు. సర్వే చేసేవాడు చేరలేని ఊరికి డాక్టరు ఎలా చేరుతున్నాడు? ఆ ఊరి తల్లి పిల్లాణ్ని ఎత్తుకుని ఆసుపత్రికి ఎలా చేరుతోంది? ఎక్కడ దూరం ఎక్కువో, ఎక్కడ ఓడ కోసం కాచుకోవడమే సగం రోజో, సరిగ్గా అక్కడి గంటలే లెక్కలో లేవు. ఢిల్లీ లెక్క పెట్టకపోతే మీరు పెట్టండి. పంచాయతీలున్నాయి, అంగన్‌వాడీ కార్యకర్తలున్నారు, వాళ్లు ఆ ఊళ్లలోనే ఉంటారు, చేరుకోవలసిన పని లేదు. వాళ్లకు ఈ పనికి వేరే డబ్బు ఇచ్చి మాత్రమే చేయించండి, లేకపోతే ఇంకొందరు తల్లుల గంటలు తిన్నవాళ్లమవుతాం.

ఇంత రాశాక కూడా, అయితే ఆడవాళ్లు ఏ ప్రణాళికా వేసుకోవద్దా, అన్నీ ప్రభుత్వమే చేయాలా అని అడిగేవాళ్లుంటారు. ప్రణాళిక వేసుకుంటే మేలే. రేపటి కూర ఈ రాత్రే తరిగి పెట్టుకుంటే పొద్దున్న హాయి, వారానికో పాఠం చదువుదామని నిర్ణయించుకుంటే ఏడాదికి ఒక పరీక్ష గట్టెక్కుతుంది. దీన్ని కాదనడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. తన పేరు తనకు గుర్తుండేలా ఒక లక్ష్యం ఉండాలన్నది తెలుగు స్త్రీలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన గృహిణిని చదివి ఉలిక్కిపడనివాళ్లు ఎవరు? కానీ ప్రణాళిక పనిచేయడానికి కింద ఒక నేల ఉండాలి. రేపు ఇవాళ్టిలాగే ఉంటుందన్న నమ్మకమే ఆ నేల. జీతం ఒకటో తారీకున వస్తుందని తెలిస్తేనే ఖర్చు రాసుకుంటాం, అది ఏ తారీకున వస్తుందో తెలియనివాడికి పొదుపు పాఠాలు చెప్పం. గంటల విషయంలోనూ అంతే. ఆ నేల వేయడం ఒక్కో ఇల్లాలు ఒక్కో ఇంట్లో చేయగల పని కాదు. సంపు, మోటారు, పనిమనిషి ఉన్న ఇంటి తల్లి తన నేల తనే కొనుక్కుంటుంది. ఆమెకు మీ కుళాయి వేళతో పని లేదు, ఆమె దినచర్య చక్కగా నడుస్తుంది, వేదిక మీద ఆదర్శంగా ఆమెనే కూచోబెడతారు. లేనివాళ్లు నేర్పు లేనివాళ్లుగా మిగిలిపోతారు. డబ్బు చేసే పనిని క్రమశిక్షణ ఖాతాలో వేయడం నాకు మింగుడు పడని సంగతి.

గంటలు ప్రభుత్వ బాధ్యత అన్నది నా సొంత కల్పన కాదు. ఇటలీలో ఆడవాళ్లు ఇదే తగువు పెట్టుకున్నారు: బడి వదిలే వేళకు ఆఫీసు వదలదు, ఆఫీసు వదిలే వేళకు దుకాణం ఉండదు, మా రోజును ముక్కలు చేసింది మీ వేళలు అని. 2000లో అక్కడి 53వ నంబరు చట్టం 30 వేల జనాభా దాటిన పట్టణాలన్నీ బళ్లు, కార్యాలయాలు, దుకాణాలు, బస్సుల వేళల్ని కలిపి చూసి ప్రణాళిక వేయాలని చెప్పింది. మన పట్నం జనాభా అంతకు మూడింతలు. కొలంబియా రాజధాని బొగొటా 2020లో ఇంకో దారి పట్టింది. నడిచి వెళ్లేంత దూరంలో ఒకే చోట పిల్లల్ని చూసుకునే గదులు, ఉతికే యంత్రాలు, చదువు చెప్పే తరగతులు పెట్టింది. తల్లి మూట తెచ్చి యంత్రంలో వేసి, బిడ్డను అప్పగించి, వదిలేసిన బడి చదువు అందుకుంటుంది. అవి ధనిక నగరాలు, మాది చిన్న ద్వీపం అనకండి. గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయం, పట్టణం కలిపి వేల కోట్ల రూపాయల ప్రాజెక్టు గురించి మాట్లాడుతున్న చోట నాలుగు ఉతికే యంత్రాలకు డబ్బు లేదంటే ఎవరు నమ్ముతారు?

నేను అడిగేవి చిన్నవి. ఎండలు ముదరకముందే, జనవరిలోనే, 24 వార్డుల కుళాయి వేళలు వీధివారీగా అచ్చు వేసి హిందీతోపాటు బెంగాలీ, తమిళం, తెలుగులో రేషన్ దుకాణం గోడ మీద, బడి గేటు మీద అంటించండి. కింద ఒక అధికారి పేరు, ఫోను నంబరు ఉండాలి. వేళ తప్పే రోజు ముందు రాత్రే సందేశం పంపండి. ఫెర్రీకీ అలాగే. వారంలో ఒక్క రోజైనా కౌంటర్లు సాయంత్రం చీకటి పడ్డాక కూడా తెరిచి ఉంచి, ఆ రోజు చివరి బస్సునూ చివరి పడవనూ దానికి తగ్గట్టు ఆలస్యంగా నడపండి. కనీసం జంగ్లీఘాట్‌లో, బంబూఫ్లాట్‌లో, గారాచర్మలో ఒక్కో అంగన్‌వాడీ పాల్నా లెక్కన పూర్తి ఏడున్నర గంటలు నడిచేలా చూడండి. వీటిలో ఏది మీ అధికారానికి మించినదో చెప్పండి, మిగిలినవాటికి తేదీలు చెప్పండి.

వచ్చే మార్చి 8న కూడా సభ పెడతారు, పెట్టండి. లక్ష్యాల ప్రసంగం బదులు ఆ కుళాయి వేళల పట్టిక చదివి వినిపించండి, అరగంటలో అయిపోతుంది. వినడానికి ఆమె రావాలంటే మాత్రం, సభ పెట్టే పూట ఆ వార్డుకు నీళ్ల పూట కాకుండా చూసుకోండి.

ఇట్లు,
దీవుల్లోని ఒక తెలుగు పౌరురాలు,
శ్రీ విజయపురం